తమిళానికీ ఇంగ్లీషుకూ చుట్టరికం ఉందా?

పుట్టుకతో వచ్చిన చుట్టరికం లేదు. తమిళం తెలుగులాగే ద్రావిడ కుటుంబానిది, ఇంగ్లీషు ఇండో-యూరోపియన్ కుటుంబంలోని జర్మానిక్ శాఖది. అయితే 1639లో ఈస్టిండియా కంపెనీ మద్రాసులో స్థలం సంపాదించి కోట కట్టుకున్న తరువాత ఇచ్చిపుచ్చుకోవడం బాగా పెరిగింది. దుంగలను తాళ్లతో బిగించిన తెప్పకు తమిళ జాలరులు వాడే ‘కట్టుమరం’ ఇంగ్లీషులో ‘కాటమరాన్’ అయింది. ‘చురుట్టు’, అంటే పొగతాగే చుట్ట, ‘చెరూట్’ అయింది. ‘మిళగుతణ్ణి’, అంటే మిరియాల నీళ్లు, ‘ములిగటానీ’ సూప్‌గా దొరల భోజనాల బల్ల మీదికి చేరింది. ఇలాంటి అరువు మాటలనో, యాదృచ్ఛికమైన పోలికలనో చూపి ఇంగ్లీషు తమిళం నుంచి పుట్టిందనడం సరికాదు, ఎందుకంటే బంధుత్వాన్ని తేల్చేవి మౌలిక పదజాలంలోని క్రమబద్ధమైన ధ్వని సామ్యాలు, వ్యాకరణ నిర్మాణం. తెలుగు, తమిళ, కన్నడాలు ఒకే కుటుంబానివని అలాంటి ఆధారాలతోనే 1816లో మద్రాసులోని కంపెనీ అధికారి ఎల్లిస్ నిరూపించాడు. ఆ నిరూపణ మరో కంపెనీ అధికారి కాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణంలో, పీఠికకు అనుబంధ వివరణగా వెలువడింది.