గీషా కాఫీ మొక్కలు వడలుతున్నాయి: అది తుప్పు తెగులు కాదు

ప్రశ్న: మాది అనంతగిరి మండలం. సుమారు 1,000 మీటర్ల ఎత్తులో ఉన్న మా తోటలో నాలుగేళ్ల కిందట ఒక ప్రైవేటు నర్సరీ నుంచి తెచ్చిన 300 గీషా కాఫీ మొక్కలు నాటాను. మొక్కలు పొట్టిగా, గుబురుగా పెరిగాయి. ఎండ తగిలితే కాపు బాగుంటుందని మందుల దుకాణంలో చెప్పడంతో నిరుడు సిల్వర్ ఓక్ చెట్లు చాలావరకు కొట్టించాను. ఇప్పుడు ఆకులు పసుపుబారి వాలిపోతున్నాయి, కొన్ని మొక్కలు ఎండిపోయాయి, కాండం మీద ఉబ్బెత్తు గీతలు కనిపిస్తున్నాయి. తుప్పు తెగులని చెబితే హెక్సాకొనజోల్ నాలుగుసార్లు పిచికారీ చేశాను, ఫలితం లేదు. ఇంకా ఘాటైన మందు ఇస్తామంటున్నారు, కొట్టమంటారా? గీషా జపాన్ రకమా, పనామా రకమా? దానికి రోగాలు రావని, ధర వేలల్లో పలుకుతుందని అంటున్నారు, నిజమేనా?

జవాబు: ఏ మందూ కొట్టకండి. తుప్పు తెగులైతే ఆకు అడుగున నారింజ రంగు పొడి వేలికి అంటుతుంది, మీరు ఆ మాటే రాయలేదు. ఆకులు పసుపుబారి వాలడం, కాండం మీద ఉబ్బెత్తు గీతలు ఉండడం తెల్ల కాండం తొలుచు పురుగు లక్షణాలు. తల్లి పురుగు బెరడు పగుళ్లలో గుడ్లు పెడుతుంది, వాటి నుంచి వచ్చిన పిల్ల పురుగు చెక్కలోకి దూరి నెలల తరబడి లోపలే సొరంగాలు చేస్తుంది. ఆకుల మీద చల్లిన శిలీంద్రనాశిని దాన్ని తాకనైనా తాకదు. ఆ నాలుగు పిచికారీలకు పెట్టిన డబ్బు వృథా అయింది. లేత వయసు మొక్కకు ఈ పురుగు పడితే సాధారణంగా ఏడాది తిరగకుండానే చనిపోతుంది.

నీడ చెట్లను కొట్టించడమే ఈ పురుగును తోటలోకి పిలిచింది. తల్లి పురుగులు ఎండ పడే చోట చురుకుగా తిరిగి గుడ్లు పెడతాయి. గీషాకు ఎండ కావాలని చెప్పినవారికి ఆ రకం పుట్టుక తెలియదు. అది జపాన్‌దీ కాదు, పుట్టుకతో పనామాదీ కాదు. నైరుతి ఇథియోపియాలోని గోరి గేషా అడవుల్లో, పెద్ద చెట్ల నీడన పెరిగిన కాఫీ నుంచి 1930లలో దాని విత్తనం సేకరించారు. ఆ విత్తనం టాంజానియాలోని ల్యాముంగు పరిశోధన కేంద్రానికి, అక్కడి నుంచి 1953లో కోస్టారికాలోని తుర్రియాల్బాకు చేరి టీ2722 అనే సంఖ్యతో నమోదైంది. తుప్పు తెగులును కొంత తట్టుకుంటుందని 1960లలో పనామా రైతులకు పంచారు. కొమ్మలు పెళుసు, దిగుబడి తక్కువ కావడంతో వారిలో ఎక్కువమంది దాన్ని పట్టించుకోలేదు. 2004లో బొకెటె ప్రాంతంలోని ఎస్మెరాల్డా ఎస్టేటు వారు ఎత్తైన కొండవాలులో పండిన ఆ గింజను విడిగా పోటీకి పెట్టగా మల్లెపూల వంటి సువాసనకు న్యాయనిర్ణేతలు ముగ్ధులయ్యారు, వేలంలో పౌను 21 డాలర్లు పలికి ఆనాటి రికార్డు సృష్టించింది.

రోగాలు రావన్న మాట కూడా తప్పుదారి పట్టించేదే. పనామాలో మన కాండం తొలుచు పురుగు లేదు, అది ఆసియా పురుగు. కాబట్టి అక్కడి అనుభవాన్ని చూపి ఇక్కడ హామీ ఇవ్వడం సరికాదు. గీషా కూడా చేరే అరబికా కాఫీలో ఏ రకాన్నీ ఈ పురుగు వదలదు. తుప్పు తెగులులోనూ మన దేశంలో అనేక జాతులున్నాయి, ఒకదాన్ని తట్టుకున్న మొక్క మరొకదానికి లొంగుతుంది.

ఇప్పుడు చేయవలసిన పని ఇది. సెప్టెంబరు ముగిసేలోగా ప్రతి మొక్క కాండాన్నీ చేత్తో తడిమి చూడండి. గీతలున్న మొక్కను సొరంగం అంతమయ్యే చోటికి కిందుగా నరకండి, సొరంగం వేరులోకి దిగి ఉంటే మొక్కను పెకలించండి. నరికినదాన్ని కుప్పపెట్టి ఉంచితే పురుగు అందులోంచే బయటికి వస్తుంది కాబట్టి వెంటనే కాల్చివేయండి. మిగిలిన మొక్కల ప్రధాన కాండం, లావుపాటి కొమ్మల మీది వదులు బెరడును కొబ్బరి పీచుతో రుద్ది తీయండి, కత్తి వాడకండి. ఆపైన 200 లీటర్ల నీటిలో 20 కిలోల పిచికారీ సున్నం కలిపి, వడకట్టి, అక్టోబరు మొదటి వారంలోగా కాండమంతా తడిసేలా పూయండి. ఎకరానికి 10 లింగాకర్షక బుట్టలు (వాసనతో పురుగులను రప్పించి పట్టేవి) పెట్టండి. తల్లి పురుగులు ఏప్రిల్–మే నెలల్లోనూ, అక్టోబరు నుంచి డిసెంబరు వరకూ ఎగురుతాయి కాబట్టి మార్చిలో మొక్కల తనిఖీ, ఏప్రిల్ మొదటి వారంలోగా సున్నం మళ్లీ తప్పవు. ఖాళీలలో వచ్చే తొలకరికి నీడనిచ్చే డాడప్ చెట్టు కొమ్మలు, పనస మొక్కలు నాటండి, ఉన్న సిల్వర్ ఓక్ మీద ఇక గొడ్డలి వేయకండి. తుప్పు నిజంగా కనిపిస్తే 200 లీటర్ల నీటికి మైలుతుత్తం ఒక కిలో, సున్నం ఒక కిలో చొప్పున కలిపిన అర శాతం బోర్డో మిశ్రమం రుతుపవనాలకు ముందు, తరువాత వాడితే సాధారణంగా సరిపోతుంది.

మరొక మాట చెప్పక తప్పదు. మీ మొక్కలు గీషా అన్నది నాకు అనుమానమే. అసలైన గీషా పొడవుగా ఎదుగుతుంది, కణుపుల మధ్య దూరం ఎక్కువ, కాయ, గింజ సన్నగా పొడుగ్గా ఉంటాయి. పొట్టిగా, గుబురుగా ఉన్న మీ మొక్కలు కావేరి వంటి పొట్టి రకమై ఉండవచ్చు. చిగురు రంగును బట్టి నిర్ణయించకండి, గీషాలో ఆకుపచ్చ చిగురూ, రాగి రంగు చిగురూ రెండూ కనిపిస్తాయి. చింతపల్లి దగ్గరి ఆర్.వి.నగర్‌లోని ప్రాంతీయ కాఫీ పరిశోధన కేంద్రంలో కాయలున్న కొమ్మను చూపించండి.

అసలైనదే అయినా ధర పేరుకు రాదు, కప్పులోని రుచికి వస్తుంది. బొకెటెలో ఆ తోటలు 1,500 మీటర్లు దాటిన ఎత్తులో ఉన్నాయి, అక్కడి చల్లదనంలో కాయ నెమ్మదిగా పండుతుంది. మీ ఎత్తులో అదే వాసన వస్తుందని ఎవరూ ముందుగా చెప్పలేరు. సరదా ఉంటే నమ్మకమైన మూలం నుంచి పాతిక మొక్కలు నాటి, వాటి పండు వేరుగా కోసి రుచి పరీక్ష చేయించండి. మిగతా తోటను సెలెక్షన్ 9 వంటి, మన కొండల్లో నిలిచిన రకాలతోనే నింపండి. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు లోయ అరబికాలో ఎర్రగా పండిన కాయనే ఏరి, శుభ్రంగా ఆరబెట్టినవారికి మంచి ధర ఇప్పటికే వస్తోంది.

ఊరూ పేరూ తెలియని చోటు నుంచి విత్తనం, మొక్కలు తేవడం ఇకనైనా మానండి. విదేశాల నుంచి తేవాలంటే 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అనుమతి తప్పనిసరి. 2025లో అరకు ప్రాంతంలో కాయ తొలుచు పురుగు బయటపడిన తరువాత ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. మీ మొక్కల గుర్తింపు తేలేవరకు వాటి గింజను ఇరుగుపొరుగు రైతులకు విత్తనంగా ఇవ్వకండి.