ప్రొఫైల్ కోసం ఆరు లక్షలు కట్టొద్దు

ప్రశ్న: మా అమ్మాయి కరీంనగర్‌లో ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ చదువుతోంది. లెక్కలంటే ప్రాణం. అమెరికాలో ఎంఐటీ, లేదంటే హార్వర్డ్‌లో చేరతానని పట్టుబట్టింది. ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఆరు లక్షలు కడితే రీసెర్చ్ పేపర్, స్వచ్ఛంద సంస్థ, ఎస్సేలు అన్నీ మేమే చూసుకుంటామంటున్నారు. మాది హార్డ్‌వేర్ షాపు, ఏడాదికి తొమ్మిది లక్షల దాకా మిగులుతుంది. కట్టమంటారా?

జవాబు: కట్టొద్దమ్మా. మీకు ఆరు లక్షలంటే ఎనిమిది నెలల సంపాదన, వాళ్లు ఇస్తామంటున్న వాటిలో మీ పాపకు నిజంగా పనికొచ్చేది ఒక్కటీ లేదు. అడ్మిషన్ ఆఫీసులో ఏటా వేల అప్లికేషన్లు చదివేవాళ్లకు, డబ్బులిచ్చి అచ్చేయించుకున్న పేపరు, అప్లికేషన్‌కు ఆరు నెలల ముందు పుట్టిన సంస్థ కొత్తేమీ కాదు. అప్లికేషన్‌లో తన గురించి తనే రాయాల్సిన ఎస్సే ఇంకొకరు రాసిపెడితే అది మోసమే. 2024లో పెన్సిల్వేనియాలోని లీహై యూనివర్సిటీలో మన దేశపు కుర్రాడొకడు దొంగ మార్కుల మెమోలు, దొంగ ఆర్థిక పత్రాలు పెట్టి చేరాడని తేలి, అరెస్టయి, చివరికి దేశం వదిలి రావాల్సి వచ్చింది. అంత దూరం పోకపోయినా, అబద్ధం మీద నిలబడిన సీటు ఎప్పుడైనా పోవచ్చు.

ముందు డబ్బు సంగతి తేల్చుకోండి, ఎందుకంటే ఎక్కడెక్కడ అప్లై చేయాలో చెప్పేది అదే. ఎంఐటీలో ఫీజు, హాస్టల్, తిండి అన్నీ కలిపితే ఏడాదికి 85 వేల డాలర్లు దాటుతుంది. అయినా ఎంఐటీ, హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఆమ్‌హర్స్ట్ లాంటి కొన్ని చోట్ల మాత్రం ఆ కుటుంబం ఫీజు కట్టగలదా లేదా అని చూడకుండానే విదేశీ విద్యార్థికి సీటు ఇవ్వాలో వద్దో నిర్ణయిస్తారు, సీటొస్తే ఇంటి ఆదాయాన్ని బట్టి మీకు ఎంత తక్కువ పడుతుందో అంతా వాళ్లే భరిస్తారు. స్టాన్‌ఫర్డ్, కార్నెల్‌లలో కూడా సాయం ఉంది కానీ, విదేశీ విద్యార్థి సాయం అడిగిందన్న సంగతిని సెలక్షన్‌లో చూస్తారు. బర్క్‌లీ, యూసీఎల్ఏ లాంటి కాలిఫోర్నియా ప్రభుత్వ యూనివర్సిటీల్లో విదేశీయులకు ఆర్థిక సాయం దాదాపు లేనట్టే, కాబట్టి ర్యాంకింగ్ ఎంత బాగున్నా మీ లిస్టులోంచి తీసేయండి. సాయం వద్దని టిక్ పెడితే ఛాన్స్ పెరుగుతుంది, చేరాక అడగొచ్చు అని ఎవరైనా చెబితే అస్సలు వినకండి. మొదట్లో అడగని విదేశీ విద్యార్థికి తర్వాత ఇవ్వని యూనివర్సిటీలు చాలా ఉన్నాయి.

ఇక మన దగ్గర పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది లెక్చరర్లు రాసిచ్చే సిఫార్సు లెటర్ల దగ్గర. ఎంఐటీ రెండు లెటర్లు అడుగుతుంది, ఒకటి లెక్కలు లేదా సైన్స్ చెప్పేవాళ్లది, రెండోది భాషలు లేదా సోషల్ లాంటివి చెప్పేవాళ్లది. అంటే మీ పాపకు తెలుగో సంస్కృతమో ఇంగ్లిషో చెప్పే మేడమ్ లెటర్ కూడా ముఖ్యమే. మన జూనియర్ కాలేజీల్లో పొద్దుట్నుంచి రాత్రి దాకా క్లాసులు, స్టడీ అవర్లు, వారం వారం టెస్టులు, లెక్చరర్‌కు పిల్ల ర్యాంకు తెలుస్తుంది గానీ పిల్ల తెలియదు. అందుకే ఇప్పటినుంచే ఆ ఇద్దరితో మాట్లాడమనండి, డౌట్లు అడగమనండి, తను సొంతంగా ఏం చదువుతోందో చూపించమనండి. "చాలా తెలివైన అమ్మాయి, క్రమశిక్షణ గలది" అని రాస్తే ఎవరి గురించైనా రాయొచ్చు; ఫలానా రోజు ఫలానా లెక్కను బోర్డు మీద ఇంకో దారిలో చేసి చూపించింది అని రాస్తే అది మీ పాప. ఆ లెటర్లు లెక్చరర్లే తమ మెయిల్‌తో అప్‌లోడ్ చేయాలి, మీ చేతికి రావు. కౌన్సెలర్ లెటర్ కూడా అడుగుతారు, మన కాలేజీల్లో ఆ పోస్టు ఉండదు కాబట్టి ప్రిన్సిపాల్ గారిని ఇప్పుడే కలిసి విషయం చెప్పండి. తొమ్మిదో తరగతి నుంచి మార్కులు కావాలి, పాత స్కూల్‌కు వెళ్లి తొమ్మిది, పది రికార్డులు సంతకంతో తెచ్చిపెట్టుకోండి.

లెక్కలంటే ప్రాణం అన్నారే, మొత్తం ఉత్తరంలో నాకు ఆశ కలిగించిన మాట అదే. ఎంఐటీ అప్లికేషన్‌లో చదువు కాకుండా చేసే పనులకు నాలుగే గడులు ఉంటాయి, నలభై సర్టిఫికెట్లు వాళ్లకు అక్కర్లేదు. గణిత ఒలింపియాడ్ మొదటి మెట్టు ఐఓక్యూఎం రాయించండి. మూడు గంటలు, 30 ప్రశ్నలు, సాధారణంగా సెప్టెంబర్ ప్రాంతంలో జరుగుతుంది, అది దాటితే తర్వాతి మెట్టు ఆర్‌ఎంఓ. ఎంపిక కాకపోయినా ఆ లెక్కలతో కుస్తీపట్టిన ఏడాది వృథా పోదు. ఆదివారం పక్కింటి పిల్లలకు లెక్కలు చెప్పినా, షాపులో మీ స్టాకు లెక్కలకు చిన్న ప్రోగ్రామ్ రాసినా అవి కూడా నిజమైన పనులే. ఎస్సేల్లో అదే రాయాలి, సాదా ఇంగ్లిషులో, తన మాటల్లో. మీరు గానీ, నేను గానీ దిద్దితే స్పెల్లింగ్ వరకే.

అమెరికా కాలేజీల్లో చేరడానికి ఇంగ్లిష్, లెక్కల్లో రాసే శాట్ పరీక్షను ఎంఐటీ, హార్వర్డ్ రెండూ అడుగుతున్నాయి. ఫస్టియర్ పరీక్షలవగానే వేసవిలో రాసేయడం మంచిది, లెక్కల భాగం తనకు కష్టం కాదు, ఇంగ్లిష్ చదివే అలవాటు మాత్రం ఇప్పుడే మొదలవ్వాలి.

ఒక మాట మాత్రం దాచను. ఎంఐటీకి అప్లై చేసిన వంద మందిలో అయిదుగురికి కూడా సీటు రాదు, విదేశీయులకైతే అంతకన్నా తక్కువ. అందుకే జేఈఈ, ఎప్‌సెట్ వదలొద్దు, చెన్నై మ్యాథమేటికల్ ఇన్‌స్టిట్యూట్, ఐఎస్‌ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) ఎంట్రన్సులు కూడా రాయించండి. లెక్కలు ప్రేమించే పిల్లకు ఆ రెండూ చాలా మంచి చోట్లు. అమెరికా అప్లికేషన్ల ఆఖరు తేదీలు నవంబర్ 1 నుంచి జనవరి మొదటి వారం దాకా ఉంటాయి, వెంటనే జేఈఈ మెయిన్ మొదటి సెషన్, కాబట్టి ఎస్సేలు దసరా సెలవుల్లోనే అయిపోవాలి. ఎంఐటీ రెగ్యులర్ ఫలితాలు మామూలుగా మార్చి 14న ఇస్తారు, మన ఇంటర్ పరీక్షలు కూడా అటూఇటూగా అప్పుడే నడుస్తుంటాయి. మర్నాడు పేపరుంటే ఆ రాత్రి ఫలితం చూడనని తన దగ్గర ముందే మాట తీసుకోండి.