పావురం ఈగ, గొంగళి ఈగ: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మేము మలక్‌పేటలో అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉంటాం. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వెనకాల పావురాలు గూడు పెట్టాయి. పిల్లలు ఎగిరిపోయాయి, గూడు అలాగే ఉంది. వారం నుంచి చదునుగా, ముదురు గోధుమరంగులో ఉన్న ఈగలు ఇంట్లోకి వస్తున్నాయి. ఒకటి మా అమ్మాయి జుట్టులో దూరింది, వేళ్లతో గట్టిగా నొక్కినా చావలేదు, పక్కకి పరిగెత్తింది. ఇవేం ఈగలు? వీటివల్ల రోగాలు వస్తాయా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: నొక్కినా చావలేదన్నారు చూడండి, ఆ ఒక్క మాట చాలు. అది పావురం ఈగ, శాస్త్రవేత్తలు సూడోలింకియా కెనరియెన్సిస్ అంటారు. పావురం రక్తం తాగి బతుకుతుంది, ఆడదీ మగదీ రెండూ తాగుతాయి. ఈకల సందుల్లో దూరి తిరగాలి కాబట్టి ఒళ్లంతా చదునుగా, తోలులా గట్టిగా ఉంటుంది. పావురం ముక్కుతో పొడిచినా నలగకూడదు కదా. ఇంకోటి దొరికితే ఒక గాజు గ్లాసు కింద పెట్టి భూతద్దంతో కాళ్లు చూడండి. చివర్లో వంకర గోళ్లు కనిపిస్తాయి, జుట్టుని అంత గట్టిగా పట్టుకునేది వాటితోనే. రెక్కలు రెండూ ఒంటికంటే పొడుగ్గా వెనక్కి వాలి ఉంటాయి. ఊళ్లో పశువుల తోక కింద, కుక్కల మెడ దగ్గర అంటిపెట్టుకుని ఉండే ఈగల్ని చూసినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు, అన్నీ ఒకే కుటుంబం.

నాకు మాత్రం దీని పుట్టుకే అన్నిటికంటే ఆశ్చర్యం. మామూలు ఈగ చెత్త మీద వందల గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. ఇది గుడ్డు పెట్టదు. ఒక్క లార్వాని, అంటే పిల్ల పురుగుని, కడుపులోనే ఉంచుకుని, లోపలి గ్రంథుల నుంచి వచ్చే పాల లాంటి ద్రవంతో పూర్తిగా పెంచి, అప్పుడు బయటికి వదులుతుంది. ఆఫ్రికాలో నిద్ర జబ్బు మోసుకొచ్చే సెట్సీ ఈగ కూడా ఇలాగే కంటుంది. బయటికొచ్చిన లార్వాకి ఇక తినే పని లేదు, వెంటనే ప్యూపాగా, అంటే ఈగ అయ్యే ముందు పెంకులో కదలకుండా ఉండే దశలోకి, మారడం మొదలెడుతుంది. మొదట తెల్లగా ఉండి కొన్ని గంటల్లో నల్లబడి గట్టిపడిపోతుంది. మిరియపు గింజ కంటే కాస్త చిన్నగా, నున్నగా ఉండే ఆ నల్ల గింజలు మీ గూటి పుల్లల్లో, రెట్ట కింద, గోడ పగుళ్లలో తప్పకుండా ఉంటాయి. వాతావరణాన్ని బట్టి మూడు నాలుగు వారాల్లో వాటిలోంచి ఈగలు వస్తాయి. వచ్చేసరికి గూట్లో పావురాలు లేకపోతే ఆకలితో వెతుక్కుంటూ ఇంట్లోకి వస్తాయి. మీకు జరిగింది ఇదే.

రోగాల సంగతి. ఇది అప్పుడప్పుడు మనిషిని కుడుతుంది, దద్దురు లేస్తుంది, దురద పెడుతుంది, అంతే. మన రక్తం మీద ఆధారపడి బతకలేదు, జుట్టులో కాపురం పెట్టదు. పావురాలకి మాత్రం ఇది మలేరియా లాంటి జబ్బుని అంటిస్తుంది. ఆ పరాన్నజీవి పేరు హీమోప్రోటియస్, మనుషులకి రాదు. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లోనే చూశాడు, బేగంపేటలో ఆయన పేరున్న ఆ భవనం ఇప్పటికీ ఉంది. తర్వాత తొమ్మిదేళ్లకి, 1906లో, అల్జీరియాలో సెర్జెంట్ సోదరులు పావురాల జబ్బుని మోసేది ఈ ఈగేనని తేల్చారు. మన ఊళ్లో మొదలైన దారిలో ఇది కూడా ఒక మలుపు అని నాకనిపిస్తుంది, పిల్లలకి చెప్పండి.

ఇప్పుడు చేయాల్సింది: ఖాళీ గూటిని తీసేయండి. కానీ పొడిగా ఊడవకండి, ఎందుకంటే ఈగ కంటే ఎండిన రెట్ట ధూళి ఊపిరితిత్తులకి చాలా ప్రమాదం. మాస్క్, గ్లౌజులు వేసుకుని, నీళ్లు చల్లి తడిపి, మొత్తం కవర్లో మూటకట్టి పారేయండి, పగుళ్లు గీకి కడగండి. తర్వాత నెట్ కొట్టించుకోండి. స్ప్రే కొడితే ఎగిరే ఈగలు చస్తాయేమో గానీ గట్టి పెంకులో ఉన్న ప్యూపాలకి పెద్దగా ఏమీ కాదు. పాతబస్తీలో మిద్దెల మీద కబూతర్లు పెంచేవాళ్లకి కూడా ఇదే చెబుతాను: రెండు వారాలకోసారి గూటి చెత్త మార్చేస్తే ప్యూపా ఈగ అయ్యేలోపే బయటికి పోతుంది. ఇంకా ఈకలు పూర్తిగా రాని పిల్లలకే ఇవి ఎక్కువ పడతాయి, వాటిని ముందు చూసుకోండి.

ప్రశ్న: మా కుండీలోని కరివేపాకు మొక్క మీద పచ్చటి పురుగు దొరికితే సీతాకోకచిలుక వస్తుందని మా బాబు సీసాలో పెట్టాడు. ప్యూపా కూడా కట్టింది. చివరికి చిలుక రాలేదు, సీసా అడుగున గోధుమరంగు గొట్టాల్లాంటివి, నాలుగు రోజుల కింద ముళ్ల వెంట్రుకలున్న ఈగలు కనిపించాయి. బాబు ఏడుస్తున్నాడు.
– ఒక పాఠకుడు, సైనిక్‌పురి

జవాబు: బాబు తప్పేమీ లేదని ముందు చెప్పండి. మీరు పట్టుకొచ్చేటప్పటికే ఆ పురుగు ఒంట్లో వేరే లార్వాలు ఉండి ఉంటాయి. ఇవి గొంగళి ఈగలు, శాస్త్రవేత్తలు టాకినిడ్ ఈగలు అంటారు. వీటిలో చాలా జాతులు పురుగు చర్మం మీద చిన్న తెల్ల గుడ్డు అతికిస్తాయి. లార్వా లోపలికి తొలుచుకుపోయి, గాలి పీల్చుకోడానికి ఒక దారి ఉంచుకుని, ముఖ్యమైన అవయవాలు చివరికి మిగిలేలా తింటూ పెరుగుతుంది. పావురం ఈగ పావురాన్ని చంపదు, ఇది ఉన్నదాన్ని మొత్తం తినేస్తుంది. హిందూపురం, మదనపల్లె వైపు పట్టుపురుగుల రైతులకి ఊజీ ఈగ ఇలాంటిదే, పురుగు మీద నల్ల మచ్చ కనిపిస్తే గుండె గుభేలుమంటుంది. కూరగాయల తోటల్లో మాత్రం ఇదే కుటుంబంలోని వేరే ఈగలు కాయలు తొలిచే పురుగుల్ని తగ్గించి రైతుకి మేలు చేస్తాయి. వచ్చేసారి బాబుతో ఇంకా చిన్నగా, పక్షిరెట్టలా కనిపించే వయసులో ఉన్న పురుగుని తెచ్చి సన్నటి నెట్ కింద పెంచమనండి, ఈగ వాలే అవకాశం బాగా తగ్గుతుంది.

ప్రశ్న: మా వీధి కుక్క చెవి వెనక పుండులో పురుగులు పడ్డాయి. కిరసనాయిలు పోస్తే పోతాయంటున్నారు, పోయొచ్చా?
– నాచారం నుంచి

జవాబు: వద్దండీ. మంట పుట్టి కుక్క తల్లడిల్లిపోతుంది, పుండు ఇంకా పెద్దదవుతుంది. గాయం అంచున ఈగ పెట్టిన గుడ్లు ఒక రోజులోపే పగిలి, లార్వాలు తల కిందికి పెట్టి కండలోకి దిగుతాయి, అందుకే కుక్క విదిలించినా రాలవు. ఇవాళే తీసుకెళ్లండి, నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది. డాక్టర్ పురుగులన్నీ తీసి మందు కడతారు, లోతుగా వెళ్లినవి ఒక్కరోజులో అన్నీ రావు, మళ్లీ చూపించాలి.