పాత బండి వణుకు, పడిపోయిన మైలేజీ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న (ఖమ్మం నుంచి ఒక పాఠకుడు): మాకు 2006 నాటి మారుతి ఆల్టో పెట్రోలు కారు ఉంది. లక్షా ఇరవై వేల కిలోమీటర్లు తిరిగింది. ఏడాదిగా ఐడ్లింగ్‌లో బాగా వణుకుతోంది. సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగు, గేరు రాడ్డు అదురుతాయి. ఏసీ వేస్తే ఇంజిను ఆగిపోతుందేమో అనిపిస్తుంది. వేగం అందుకున్నాక మాత్రం ఏ ఇబ్బందీ లేదు. లీటరుకు 17 కిలోమీటర్లు ఇచ్చిన బండి ఇప్పుడు 12 దాటడం లేదు. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టరు మార్చాం, ఇంజెక్టర్లు శుభ్రం చేయించాం. రెండేళ్ల కిందట ఎండాకాలంలో ఇంజిను వేడెక్కుతోందని మెకానిక్ గారు థర్మోస్టాట్ తీసేశారు. ఇప్పుడు ఈసీఎం (ఇంజినును నడిపించే కంప్యూటర్) మార్చాలని అంటున్నారు. ఇదంతా ఇథనాల్ కలిపిన పెట్రోలు వల్లేనని మరికొందరు చెబుతున్నారు. దేన్ని నమ్మాలి?

జవాబు: ఈసీఎం మార్చడానికి ఇప్పుడే ఒప్పుకోకండి. ఈ వయసు బండ్లలో అది చెడిపోవడం అరుదు. అన్నీ పరీక్షించాక చివరన చూడవలసిన భాగాన్ని మొదటే మార్చమంటున్నారు. మీరు రాసిన వివరాల్లోనే రెండు బలమైన ఆధారాలు ఉన్నాయి. ఒకటి థర్మోస్టాట్ తీసేయడం, రెండోది వేగం మీద సాఫీగా నడిచే ఇంజిను ఐడ్లింగ్‌లోనే వణకడం.

ముందుగా వణుకుకూ మైలేజీకీ ఉన్న సంబంధం తెలుసుకోవాలి, ఎందుకంటే చాలామంది వీటిని రెండు వేరు జబ్బులుగా చూసి రెండింటికీ విడివిడిగా ఖర్చు పెడతారు. మీ కారుది 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజిను. అందులో ఒక సిలిండరు సరిగా మండకపోతే శక్తిలో మూడో వంతు దెబ్బతింటుంది, కనుక వణుకు నాలుగు సిలిండర్ల బండిలో కంటే కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. మండని ఆ సిలిండరులోని గాలి, పెట్రోలు రెండూ అలాగే సైలెన్సర్ దారి పడతాయి. అక్కడ ఉండే ఆక్సిజన్ సెన్సర్ కొలిచేది మిగిలిపోయిన ఆక్సిజన్‌నే తప్ప పెట్రోలును కాదు. మండకుండా వచ్చిన గాలిలోని ఆక్సిజన్‌ను చూసి అది పెట్రోలు చాలడం లేదని చెబుతుంది, ఈసీఎం ఆ మాట నమ్మి మూడు సిలిండర్లకూ పెట్రోలు పెంచుతుంది. దాంతో బాగున్న రెండు సిలిండర్లు కూడా అవసరానికి మించి తాగుతాయి. ఈసీఎం తన పని తాను సరిగ్గానే చేస్తోంది, దానికి అందుతున్న సమాచారమే తప్పు. దాన్ని మార్చినా ఫలితం ఉండదని నేను అంటున్నది అందుకే.

ఇక ఇథనాల్ సంగతి. ఒక లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి, లీటరు పెట్రోలులో ఉండే శక్తిలో సుమారు మూడింట రెండు వంతులు మాత్రమే. అందుచేత 20 శాతం కలిపితే మైలేజీ కొంత తగ్గడం సహజం. పాత ప్రమాణాలకు తయారైన కార్లలో ఈ తగ్గుదల 6 నుంచి 7 శాతం ఉండవచ్చని నీతి ఆయోగ్ 2021లో విడుదల చేసిన నివేదికలోనే అంచనా వేశారు. ఆ లెక్కన మీ 17 కిలోమీటర్లు 16కు దగ్గరగా రావాలి గాని 12కు పడిపోకూడదు. మిగిలిన నాలుగు కిలోమీటర్ల నష్టానికి కారణం బండిలోనే ఉంది. అయితే ఇథనాల్ వల్ల మీరు పట్టించుకోవలసిన విషయం వేరొకటి ఉంది: ఆ కాలపు రబ్బరు గొట్టాలను ఇంత ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని తయారుచేయలేదు. పెట్రోలు గొట్టాలు ఉబ్బాయా, పగుళ్లు వచ్చాయా, వాటి చుట్టూ చెమ్మ ఉందా అని చూడండి. పెట్రోలు వాసన వస్తుంటే మిగతా పరీక్షలన్నీ ఆపి ముందు గొట్టాలు మార్పించండి, ఎందుకంటే అది మైలేజీకి సంబంధించిన సమస్య కాదు, నిప్పు అంటుకునే ప్రమాదం.

థర్మోస్టాట్ తీసేయడం మన ప్రాంతంలో చాలాకాలంగా ఉన్న అలవాటు, దానివల్ల జరుగుతున్న నష్టం అంతా ఇంతా కాదు. ఇంజిను 80 నుంచి 90 డిగ్రీల వేడి దగ్గర నడిచేలా దాన్ని తయారుచేస్తారు. ఆ వేడి వచ్చేదాకా కూలెంట్‌ను రేడియేటరులోకి పోనీయకుండా ఆపడమే థర్మోస్టాట్ పని. అది లేకపోతే కూలెంట్ ఎప్పుడూ రేడియేటరు గుండా తిరుగుతూ, ముఖ్యంగా హైవే మీదా చలికాలంలోనూ, ఇంజిను చల్లగానే ఉండిపోతుంది. కూలెంట్ సెన్సర్ ఆ సంగతి ఈసీఎంకు చెబుతుంది, ఈసీఎం ఇంకా తెల్లవారుజామున స్టార్ట్ చేసిన ఇంజిననే భావించి పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. అరగంట నడిపిన తరువాత కూడా టెంపరేచర్ ముల్లు మధ్యకు రాకుండా కిందే ఉంటే మీ మైలేజీ నష్టంలో ఒక పెద్ద భాగానికి కారణం దొరికినట్టే. కొత్త థర్మోస్టాట్ ఖరీదైన వస్తువు కాదు, ముందు అది బిగించండి. ముల్లు సరైన చోటికి వచ్చాక కూడా మైలేజీ మారకపోతే కూలెంట్ సెన్సర్‌ను మీటరుతో పరీక్షించమనండి. ఇంజిను వేడెక్కే కొద్దీ దాని రెసిస్టెన్స్ బాగా తగ్గాలి.

ఇక్కడ ఒక ప్రశ్న మిగులుతుంది: రెండేళ్ల కిందట ఆ ఇంజిను అసలు ఎందుకు వేడెక్కింది? ఆ కారణం ఎవరూ వెతకలేదు. రేడియేటరు పూడుకుపోయిందా, ఫ్యాను సమయానికి తిరగడం లేదా, వాటర్ పంపు అరిగిందా అన్నది చూడకుండా థర్మోస్టాట్ బిగిస్తే ఈ ఎండాకాలం మళ్లీ వేడెక్కుతుంది. అంతకంటే ముఖ్యంగా, అప్పటి వేడికి హెడ్ గ్యాస్కెట్ (ఇంజిను బ్లాకుకూ దాని పై భాగానికీ మధ్య ఉండే సీలు) దెబ్బతిని ఉండవచ్చు. రెండు సిలిండర్ల మధ్య గ్యాస్కెట్ కొద్దిగా కాలినా ఐడ్లింగ్‌లో ఇదే వణుకు వస్తుంది. కూలెంట్ తరచుగా తగ్గుతోందా, ఉదయం స్టార్ట్ చేయగానే తెల్లని పొగ చాలాసేపు వస్తోందా అన్నది గమనించండి.

వేగం మీద బాగుండి ఐడ్లింగ్‌లో మాత్రమే వణికే ఇంజినులో నేను మొదట అనుమానించేది వాల్వులను తెరిచే ట్యాపెట్లను. లక్ష కిలోమీటర్లు దాటిన ఇంజినులో వాల్వులు తమ సీట్లలోకి అరిగి దిగడంతో ట్యాపెట్‌కూ వాల్వుకూ మధ్య ఉండవలసిన సందు తగ్గిపోతుంది, వాల్వు పూర్తిగా మూసుకోదు. ఇంజిను నెమ్మదిగా తిరిగేటప్పుడు సరిగా మూసుకోని ఆ వాల్వు పక్కనుంచి కంప్రెషన్ (సిలిండరులో నొక్కిన గాలి ఒత్తిడి) తప్పించుకోవడానికి సమయం దొరుకుతుంది, వేగంగా తిరిగేటప్పుడు దొరకదు. ట్యాపెట్ చప్పుడు లేదు కాబట్టి అవి బాగున్నాయని చాలామంది అనుకుంటారు. చప్పుడు చేసేది సందు ఎక్కువైన ట్యాపెట్ మాత్రమే, బిగుసుకున్న ట్యాపెట్ నిశ్శబ్దంగానే వాల్వును కాల్చేస్తుంది. ఎల్‌పీజీ, సీఎన్‌జీ గేస్ కిట్ బిగించి నడిపిన బండ్లలో ఈ అరుగుదల ఇంకా త్వరగా వస్తుంది. ట్యాపెట్లను మాన్యువల్‌లో చెప్పిన కొలతకు, అది చెప్పిన ఇంజిను వేడి దగ్గరే, ఫీలర్ గేజీతో (సందును కొలిచే పలుచని రేకులతో) సరిచేయించండి.

ఏ సిలిండరు బలహీనంగా ఉందో తెలుసుకోవడానికి ఐడ్లింగ్‌లో ఒక్కో ఇంజెక్టర్ కనెక్టరును కొద్ది సెకన్ల పాటు తీసి మళ్లీ పెట్టమనండి. బాగున్న సిలిండరుది తీస్తే వణుకు పెరుగుతుంది, బలహీనమైనదాన్ని తీస్తే పెద్ద తేడా ఉండదు. ప్లగ్ వైరు చేత్తో లాగి చూసే పాత పద్ధతి ఈ బండ్లకు పనికిరాదు. అది షాక్ కొడుతుంది, కాయిల్‌ను పాడుచేస్తుంది, మండని పెట్రోలంతా పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టరులోకి పోయి దాన్ని కాల్చేస్తుంది. బలహీనమైన సిలిండరు దొరికాక దాని ప్లగ్గును పక్కదానితో మార్చి చూడాలి. జబ్బు ప్లగ్గుతో పాటు కదిలితే ప్లగ్గుదే తప్పు, కదలకపోతే కంప్రెషన్ చూడాలి. కంప్రెషన్ పరీక్షకు ఇంజిను వేడిగా ఉండాలి, ప్లగ్గులన్నీ తీసి ఉండాలి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి పట్టాలి. ఒక సిలిండరు తక్కువ చూపిస్తే అందులో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి: అంకె పెరిగితే పిస్టన్ రింగులు అరిగాయి, పెరగకపోతే లోపం వాల్వులో గాని గ్యాస్కెట్‌లో గాని ఉంది. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి తక్కువ చూపిస్తే అనుమానం గ్యాస్కెట్ మీదకే పోవాలి.

వ్యాక్యూమ్ గేజీ (ఇంజిను గాలి పీల్చుకునే మానిఫోల్డ్‌లోని పీల్పును కొలిచే మీటరు) ఉన్న మెకానిక్ మీ ఊళ్లో దొరికితే అదృష్టం, ఎందుకంటే ఏమీ విప్పకుండా ఇంజిను గురించి ఇంత సమాచారం ఇచ్చే పరికరం మరొకటి లేదు. ఆరోగ్యంగా ఉన్న ఇంజిను ఐడ్లింగ్‌లో ముల్లు 17 నుంచి 21 అంగుళాల (పాదరసం కొలతలో) మధ్య కదలకుండా నిలుస్తుంది. హైదరాబాదు సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది కాబట్టి అక్కడ ఒకటిన్నర, రెండు అంగుళాలు తక్కువ చూపినా కంగారు పడనక్కర్లేదు. ముల్లు ఒకే లయలో కింద పడి లేస్తుంటే ఒక వాల్వు మూసుకోవడం లేదని అర్థం. స్థిరంగా ఉండి అంకె మాత్రం తక్కువైతే, ముఖ్యంగా ఈమధ్య టైమింగ్ బెల్టు మార్చి ఉంటే, బెల్టు ఒక పన్ను తప్పిందేమో చూడాలి. బ్రేకు బూస్టరు గొట్టం, మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర గాలి లీకు కోసం సబ్బు నీళ్లు చిలకరించి ఐడ్లింగ్ మారుతుందేమో చూస్తే చాలు. వేడి ఇంజిను మీద పెట్రోలు చల్లి లీకు వెతికేవారు ఉన్నారు, దయచేసి వారిని చల్లనివ్వకండి.

చివరగా, దాదాపు ఖర్చు లేని పరీక్ష ఒకటి మీ చేతిలోనే ఉంది. పొల్యూషన్ సర్టిఫికెట్ మీద సీఓ (కార్బన్ మోనాక్సైడ్), హెచ్‌సీ (మండని పెట్రోలు ఆవిరి, అంటే హైడ్రోకార్బన్లు) అనే రెండు అంకెలు ఉంటాయి. మీ కాలపు పెట్రోలు కార్లకు ఐడ్లింగ్‌లో సీఓ 0.5 శాతం, హెచ్‌సీ 750 పీపీఎం దాటకూడదు. చాలామంది పాస్ అయిందా లేదా అన్నదే చూసి కాగితాన్ని డాష్‌బోర్డులో పడేస్తారు. సీఓ బాగుండి హెచ్‌సీ మాత్రమే ఎక్కువైతే ఒక సిలిండరు మిస్ అవుతోంది. రెండూ ఎక్కువైతే పెట్రోలు మోతాదు మించుతోంది. బండి ముందు నిలబడి నిజంగా పరీక్షించే కేంద్రానికే వెళ్లి, ఇంజిను బాగా వేడెక్కిన తరువాత చూపించుకోండి.

ప్రశ్న (తణుకు నుంచి ఒక పాఠకురాలు): మా నాన్నగారి 2004 హీరో హోండా స్ప్లెండర్ నేను నడుపుతున్నాను. చోక్ సగం వేసి ఉంచితేనే ఐడ్లింగ్‌లో ఆగకుండా ఉంటుంది. మైలేజీ 60 నుంచి 40కి పడింది. కొత్త కార్బురేటర్ కొనమంటారా?

జవాబు: ఇంకా అవసరం లేదమ్మా. చోక్ వేస్తే బాగుపడే ఇంజినుకు పెట్రోలు తక్కువ అందుతోంది లేదా గాలి ఎక్కువ దూరుతోంది. మీరు చోక్‌తోనే తిప్పుతున్నారు కనుక ఐడ్లింగ్‌లో కొరత తీరినా రోడ్డు మీద పెట్రోలు అనవసరంగా ఖర్చవుతోంది, మైలేజీ పడిపోవడానికి అదే ముఖ్య కారణం. సాధారణంగా పైలట్ జెట్ (ఐడ్లింగ్‌లో పెట్రోలు అందించే సన్నని రంధ్రం) మూసుకుపోతుంది. బండి వాడకుండా నెలల తరబడి నిలిపి ఉంచితే ఇది మరీ త్వరగా జరుగుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది, కాబట్టి ముందుగా కార్బురేటర్ కింది స్క్రూ వదులుచేసి గిన్నెలో నీళ్లు గాని తుప్పు గాని ఉన్నాయేమో చూడండి. తుప్పు కనిపిస్తే ట్యాంకు శుభ్రం చేయకుండా కార్బురేటర్ ఎన్నిసార్లు కడిగినా లాభం లేదు. జెట్‌ను పిన్నీసుతో గాని ఇనుప తీగతో గాని పొడవనివ్వకండి. రంధ్రం కొంచెం పెద్దదైనా మైలేజీ ఇక తిరిగి రాదు. క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టిస్తే సరిపోతుంది. కార్బురేటర్‌కూ ఇంజినుకూ మధ్య గాలి లీకు లేదని చూసుకున్నాక, ఇంజిను వేడిగా ఉండగా ఐడ్లింగ్‌ను 1,400 ఆర్‌పీఎం దగ్గర పెట్టించండి. సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రాన్ని చేత్తో తిప్పి బ్రేకు పట్టేస్తోందా అన్నది కూడా చూసుకోండి.

ప్రశ్న (హైదరాబాదు నుంచి ఒక పాఠకుడు): 500 రూపాయల పెట్రోలు పోయించి, ముల్లు మళ్లీ కిందకు వచ్చేదాకా తిరిగిన దూరం చూసి మైలేజీ లెక్క వేస్తున్నాను. ఒక్కోసారి ఒక్కో అంకె వస్తోంది. ఎందుకు?

జవాబు: ముల్లు లీటర్ల లెక్క చెప్పలేదు, ఉజ్జాయింపు మాత్రమే చూపుతుంది. ట్యాంకు నింపించి, పంపు తనంత తానుగా మొదటిసారి ఆగినచోటే ఆపించి, ఓడోమీటర్ అంకె రాసుకోండి. కనీసం 300 కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర, మళ్లీ అలాగే నింపించండి. తిరిగిన దూరాన్ని రెండోసారి పట్టిన లీటర్లతో భాగించాలి. ఇలా వరుసగా మూడు నాలుగుసార్లు చేసి సగటు తీస్తే నమ్మదగ్గ అంకె వస్తుంది. కంపెనీ ఇచ్చినదానికంటే పెద్ద టైర్లు వేయించి ఉంటే ఓడోమీటర్ దూరాన్ని తక్కువగా చూపుతుంది, కాబట్టి బండిలో లోపమేమీ లేకపోయినా మైలేజీ తగ్గినట్టు కనిపిస్తుంది; టైరు పక్కన ముద్రించిన సైజును మాన్యువల్‌తో పోల్చి చూడండి.