బీట్ల సాఫ్ట్‌వేర్ గురించి మేనల్లుడికి

అల్లుడూ,

ఇప్పుడే ఏదీ కొనకు. కంప్యూటర్లో సంగీతం కట్టే సాఫ్ట్‌వేర్లలో ఎఫ్ఎల్ స్టూడియో గొప్పదా, ఏబుల్టన్ లైవ్ గొప్పదా అని శ్రీకాకుళంలో నీ స్నేహితులంతా కొట్టుకుంటున్నారని రాశావు. కొట్టుకోనీ. పాత రికార్డుల్లోంచి ముక్కలు కోసి హిప్‌హాప్ బీట్ కట్టేవాడు చూడాల్సింది ఒక్కటే: ముక్క కోసి, ప్యాడ్ (వేలితో కొడితే ముక్క మోగే మీట) మీద పెట్టి వాయించడానికి ఎంతసేపు పడుతోందని. నాలుగు మెనూలు తెరిచేలోపు బుర్రలో ఉన్న లయ కాస్తా ఎగిరిపోతుంది.

పైడితల్లమ్మ పండక్కి వచ్చినప్పుడు మీ అత్త వీణ ఫోన్లో రికార్డు చేసుకున్నావు కదా, దాన్ని రెండింటి ట్రయల్ వెర్షన్లలోనూ వేసి ఆటోమేటిక్‌గా కోయించు. శబ్దం ఒక్కసారిగా పెరిగే చోటు కోసం సాఫ్ట్‌వేర్ వెతుకుతుంది. మీటు దగ్గర బాగానే కోస్తుంది. ఒకే మీటు మీద తీగ లాగి గమకం పలికించిన చోట మాత్రం కొత్త దెబ్బంటూ ఉండదు, పలికిన స్వరాలన్నీ ఒకే ముక్కలో ఉండిపోతాయి. అక్కడ చేత్తో కోసుకోవాల్సిందే. తెర మీద కనిపించే శబ్ద తరంగం మధ్యలోని సున్నా గీత దాటే చోట కొయ్యి, లేకపోతే ముక్క మొదలైనప్పుడల్లా టిక్‌మంటుంది. ఈ పని విసుగు రాకుండా ఎందులో అవుతుందో అదే నీది.

నన్నడిగితే నీ విండోస్ లాప్‌టాప్‌కి ఎఫ్ఎల్ అంటాను. ఒకసారి కొంటే తర్వాతి వెర్షన్లకి మళ్లీ డబ్బు కట్టక్కర్లేదు. చవగ్గా వస్తోందని ఫ్రూటీ ఎడిషన్ మాత్రం తీసుకోకు. అందులో ఆడియోని ముక్కలు కోసే స్లైస్ఎక్స్ రాదు. ప్రొడ్యూసర్ ఎడిషన్ కావాలి. ట్రయల్లో ప్రాజెక్ట్ సేవ్ అవుతుంది గానీ కొనేదాకా మళ్లీ తెరుచుకోదు. కూర్చున్నప్పుడే ముగించి వేవ్ ఫైల్ తీసేసుకో. ఒకందుకు అదీ మంచిదే, ఒకే బీట్‌ని ఆరు నెలలు గీకే జబ్బు పట్టుకోదు.

నీకు నచ్చే ఆ పాత గరగర సంగతి చెప్తాను. 1987లో వచ్చిన ఎస్‌పీ-1200 అనే, శబ్దం ఎక్కించుకుని వాయించే మెషీన్‌లో దాదాపు 10 సెకన్ల శబ్దమే పట్టేది. అందుకని అప్పటి బీట్‌మేకర్లు 33 స్పీడు ఎల్పీని 45లో తిప్పి ఎక్కించుకుని, లోపల మళ్లీ నెమ్మది చేసేవారు. దాంతో శబ్దం కాస్త గరుకెక్కేది. ముక్కని నెమ్మది చేసేటప్పుడు ఎఫ్ఎల్‌లో స్ట్రెచ్ మోడ్‌ని రీశాంపుల్‌లో పెట్టినా, ఏబుల్టన్‌లో వార్ప్‌ని రీ-పిచ్‌లో పెట్టినా వేగంతో పాటు శ్రుతీ దిగుతుంది. దాని మీద శబ్దాన్ని కావాలని గరుకు చేసే బిట్‌క్రషర్ కొద్దిగా వేస్తే ఆ దారిలో పడతావు.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్లతో ప్యాడ్లు వాయించకు, దెబ్బ ఆలస్యంగా వినిపిస్తుంది. వైరున్నవి పెట్టుకుని, ఆలస్యం తగ్గించే ఏఎస్ఐఓ ఆడియో డ్రైవర్ వేసి, బఫర్ (ఒక్కో విడతకి పోగేసే శబ్దం) 256 శాంపుళ్ల దగ్గర ఉంచు.

ఇక సినిమా పాటలు. మన దేశంలో సౌండ్ రికార్డింగ్ మీద హక్కు, అది విడుదలైన మర్నాటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది. సాహిత్యం, బాణీల హక్కులది వేరే లెక్క. ఇంట్లో నేర్చుకోవడానికి కోసుకో, నెట్‌లో పెట్టాలంటే సొంతంగా రికార్డు చేసినది వాడు. తప్పెటగుళ్ల బృందం దగ్గరికి వెళ్లి, అడిగి, డబ్బిచ్చి రికార్డు చేసుకో. రొమ్ముకు కట్టుకున్న తప్పెట మీద దెబ్బ స్నేర్ డ్రమ్ము చోట పనికొస్తుంది, కాళ్ల గజ్జెలు హైహ్యాట్ తాళాల చోట. రెడీమేడ్ శబ్దాలు అమ్మే ప్యాక్‌ల కోసం డబ్బు తగలెయ్యడం ఎందుకు?

నాలుగు బీట్లు పూర్తిచేసి నాకు పంపు. ప్రొడ్యూసర్ ఎడిషన్‌కి సగం డబ్బు నేనిస్తాను, మీ అమ్మకి చెప్పకు.

మీ మావయ్య,
విజయనగరం