పాప నిద్రపోయినా అమ్మకు నిద్ర లేదు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా అమ్మాయి కాన్పుకు మా ఇంటికి వచ్చింది. పాపకు ఏడు వారాలు. పథ్యం, నలుగు, సాంబ్రాణి ధూపం, ఏదీ తక్కువ చేయలేదు. అయినా పిల్ల ఎప్పుడూ దిగులుగానే ఉంటుంది. పాప నిద్రపోయినా తను ఫ్యాను వంక చూస్తూ పడుకుంటుంది. కూర్చున్నచోటే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. అల్లుడు గారు ఇది డిప్రెషన్ అంటున్నారు. మా అత్తగారు ఆరుగురిని కన్నారు, నేను ముగ్గురిని కన్నాను, మా ఇళ్ళలో ఇలాంటిది వినలేదు. ఇది విదేశాల వాళ్ళకు వచ్చే జబ్బు కాదా? దిష్టి కూడా తీశాం. మొన్న 'నేను లేకపోయినా పాపను నువ్వు బాగా చూసుకుంటావులే అమ్మా' అంది. ఏం చేయమంటారు?
— ఒక తల్లి, నల్లకుంట, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీరు చివర్లో రాసిన మాట దగ్గరే మొదలుపెడతాను. దాన్ని బాలింత నీరసంలో అన్న మాటగా తీసుకోకండి. పత్రిక అచ్చయ్యేదాకా ఆగకూడదని మీకు విడిగా ఉత్తరం రాశాను. ఇలాంటి ఇళ్ళు ఇంకా ఉంటాయి కనుక ఇక్కడా చెబుతున్నాను. అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని సూటిగా అడగండి: 'చచ్చిపోవాలని అనిపిస్తోందా?' అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయం వద్దు, పుట్టదు. అవునన్నా, జవాబివ్వకుండా తల దించుకున్నా ఒంటరిగా వదలకుండా ఆ రోజే మానసిక వైద్యుల దగ్గరకు తీసుకెళ్ళండి. అర్ధరాత్రి అయితే టెలీ మానస్ 14416కు ఫోను చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. ఎర్రగడ్డ ఆసుపత్రి పేరు ఎత్తితే మన ఊళ్ళో ఇప్పటికీ వెక్కిరింతే. వెక్కిరించేవాళ్ళు మీ పిల్లకు రాత్రి తోడుండరు, పట్టించుకోకండి.

కాన్పయిన మూడో రోజునుంచి కాస్త ఏడుపు రావడం చాలామందికి మామూలే. రెండు వారాల్లో తగ్గిపోతుంది. ఏడు వారాలైనా తగ్గలేదంటే అది వేరే సంగతి. మీ అల్లుడు గారు పేరు సరిగ్గానే పట్టారు.

విదేశాల జబ్బు అన్నారు. మానసిక వైద్యుడు విక్రమ్ పటేల్ బృందం గోవాలో ఆరు నుంచి ఎనిమిది వారాల బాలింతలను పరీక్షించి 2002లో ఫలితాలు ప్రచురించింది. వారిలో 23 శాతం మందికి ఈ జబ్బు ఉంది. డబ్బు ఇబ్బంది, భర్తతో పొసగకపోవడం, కొడుకు కోసం ఎదురుచూసిన ఇంట కూతురు పుట్టడం దీనికి తోడయ్యాయి. 'పోనీలే, ఈసారికి ఆడపిల్ల' అని మీ ఇంట్లో ఎవరి నోటనైనా వచ్చిందా? ఒకసారి గుర్తు చేసుకోండి. మీ అత్తగారి కాలంలోనూ ఇది ఉండే ఉంటుంది. అప్పుడు గాలి సోకిందనేవారు. నా సంగతే చెబుతాను: రెండో కాన్పు తరువాత నెలన్నరపాటు నాకు అన్నం వాసన కూడా పడలేదు. విద్యార్థులకు ఈ జబ్బు మీదే పాఠం చెప్పే దాన్ని, నాకు వచ్చింది అదేనని గుర్తుపట్టలేకపోయాను. మా అమ్మ కాయం ఉండలు పెడుతూనే ఉంది, నేను గోడవైపు తిరిగి పడుకుంటూనే ఉన్నాను.

జింబాబ్వేలో షోనా భాష మాట్లాడేవాళ్ళు ఈ దిగులును 'కుఫుంగిసిసా' అంటారు. అతిగా ఆలోచించడం అని అర్థం. 'పిల్ల ఆలోచనల్లో పడింది' అని మనమూ అంటాం కదా. డిక్సన్ చిబండా అనే మానసిక వైద్యుడు 2006లో హరారేలోని ఎంబరేలో పద్నాలుగు మంది అవ్వలకు శిక్షణ ఇచ్చి, దిగులుపడ్డవాళ్ళతో బల్ల మీద కూర్చుని మాట్లాడమన్నాడు. పాకిస్తాన్‌లో రావల్పిండి పల్లెల్లోనూ ఇలాంటి పనే జరిగింది. అక్కడ దిగులుతో ఉన్న గర్భిణుల ఇళ్ళకు శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు వెళ్ళి మాట్లాడారు. బిడ్డలకు ఆరు నెలలు వచ్చేసరికి ఆ తల్లుల్లో 23 శాతం మందికే జబ్బు మిగిలింది. అలాంటి మాటసాయం అందని తల్లుల్లో అది 53 శాతం. అవ్వలూ కార్యకర్తలూ డాక్టర్లేమీ కారు, మీ వంటివాళ్ళే. అయితే వాళ్ళకు ముందుగా నేర్పింది వినడం. 'నీకేం తక్కువైంది' అన్న మాట మీ నోట రాకుండా చూసుకోండి, చాలా మేలు జరుగుతుంది. దిష్టి తీసుకుంటానంటే తీసుకోండి, నాకు అడ్డు లేదు. ఎండుమిరపకాయలు ఘాటెక్కి పాప తుమ్మకుండా చూడండి.

డాక్టరు ముందు రక్తహీనతకూ థైరాయిడ్‌కూ పరీక్షలు రాస్తారు, ఎందుకంటే అవీ ఇలాగే కనిపిస్తాయి. మందు అవసరమైతే సర్‌ట్రలిన్ వంటివి పాలలోకి చాలా తక్కువగా వెళతాయి, పాలు మానిపించనక్కర లేదు. కానీ షాపులో అడిగి కొనకండి. అమ్మాయి రెండు రాత్రులు అసలు నిద్ర లేకుండా హుషారుగా తిరిగినా, ఎవరో పిలుస్తున్నారన్నా, పాప గురించి వింతగా మాట్లాడినా అది ప్రమాదం. వెంటనే ఆసుపత్రి.

మందు పనిచేయడానికి రెండు మూడు వారాలు పడుతుంది. నిద్ర మాత్రం ఈ రాత్రికే ఇప్పించవచ్చు. పాలు పిండి పెట్టమనండి, అర్ధరాత్రి పాలు పట్టే పని మీరు తీసుకోండి. అమ్మాయికి అయిదు గంటలైనా ఏకధాటిగా కన్ను మూసే వీలుండాలి. అల్లుడు గారు ఆదివారం చుట్టపుచూపుగా వచ్చి వెళుతున్నట్లయితే ఆ పద్ధతి మార్చండి. ఒక రాత్రి ఆయనది, ఒక రాత్రి మీది.