"నాకు పదకొండే ఎందుకు, మేడం?"

చిరంజీవికి ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వు అడిగింది ఒకటే. "బీపీఈడీ ప్రాక్టికల్స్‌కి మార్కులు వేసే షీటు మీ దగ్గరుంటే వాట్సాప్‌లో పెట్టండి మేడం" అన్నావు. రేపటి వ్యాయామ టీచర్లకి మార్కులు వేసే ఆ షీటు నా దగ్గర ఉంది, కానీ పెట్టను. అది మా గ్రౌండుకి, మా పిల్లలకి, అప్పట్లో మాకున్న రెండు స్టాప్‌వాచీలకి కొలత తీసి కుట్టుకున్న చొక్కా. నీకు భుజాల దగ్గర పట్టేస్తుంది. దాని బదులు ఈ ఉత్తరం చదువుకో. నీది నువ్వే తయారుచేసుకుంటావు.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. లెక్చరర్‌గా చేరిన మొదటి ఏడాది వాలీబాల్ ప్రాక్టికల్‌కి 25 మార్కులు. పిల్లల్ని జట్లుగా విడగొట్టి ఆడించి, గట్టు మీద కూర్చుని చూసి, ఒక్క పూటలో అందరికీ వేసేశాను. యూనివర్సిటీ జట్టుకు ఆడిన అమ్మాయికి 23 వచ్చాయి. ఆమె మా దగ్గర కొత్తగా నేర్చుకున్నది ఏమీ లేదు, అసలు గ్రౌండుకి వచ్చిందే తక్కువ. ఇంకో అమ్మాయి ఉంది. కాలేజీకి వచ్చేదాకా ఆమెకి తెలిసిన ఆట టెన్నికాయిట్ రింగు ఒక్కటే. చేరిన కొత్తలో ఆమె సర్వీసు నెట్టు దాకా పోయేది కాదు. పరీక్ష నాటికి తల మీదుగా కొట్టే సర్వీసు పదికి ఏడు అవతలి కోర్టులో పడేవి. ఆమెకి నేను వేసింది 11. మార్కులు అంటించిన రోజు సాయంత్రం స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడి అడిగింది: "నాకు పదకొండే ఎందుకు, మేడం? పెంచమని కాదు, ఏది సరిగా రాలేదో చెబితే చేసుకుంటాను."

నా దగ్గర జవాబు లేదు. "ఓవరాల్‌గా చూసి వేశాంలే" అన్నాను. అది అబద్ధం కాదు, అందుకే ఇంకా సిగ్గుగా ఉంటుంది. నిజంగానే ఓవరాల్‌గా చూశాను, అంటే ఏదీ సరిగా చూడలేదు. అప్పటినుంచి నాకు నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. పిల్లకి ఎదురుగా కూర్చుని "నువ్వు ఫలానాది చేశావు, అందుకని ఇన్ని" అని చెప్పలేని అంకె షీటులో రాయకూడదు. కింద రాసేదంతా దానికోసమే.

శరీర సామర్థ్యం, ఆటలో నైపుణ్యం, ఆడుతున్నప్పటి బుర్ర. ఈ మూడూ వేరువేరు. మూడింటినీ ఒకే గంపలో వేస్తే పొడుగ్గా, బలంగా ఉన్నవాడే ప్రతిసారీ గెలుస్తాడు. వాడు పొడుగ్గా ఉండడంలో మన బోధన ఏమీ లేదు కదా.

సామర్థ్యం కొలవడం వీటిలో సులువు, ఎందుకంటే గడియారం, టేపు ఉన్నాయి. కానీ మన కాలేజీల్లో ఎక్కువ తప్పులు జరిగేదీ ఇక్కడే. వంద మీటర్ల దగ్గర విజిల్ వినబడ్డాక వాచీ నొక్కుతారు. శబ్దం వంద మీటర్లు రావడానికి దాదాపు 0.3 సెకను పడుతుంది, ఆ మేలు పరిగెత్తినవాడి ఖాతాలో పడుతుంది. గన్ లేకపోతే జెండా కిందికి కొట్టమను, జెండా చూసి నొక్కు. ముగింపు గీత దగ్గర చూడాల్సింది తలో, చెయ్యో కాదు, మొండెం. చేతివాచీ మీద 13.41 వస్తే 13.4 రాయకూడదు, 13.5 రాయాలి. చేతి టైమింగ్‌ని పైనున్న పదో వంతుకి పెంచి రాయడం అథ్లెటిక్స్ నియమం. ముగ్గురు టైమ్‌కీపర్లు మూడు రకాలుగా చెబితే మధ్యలోది తీసుకో. ఇద్దరే ఉండి తేడా వస్తే ఎక్కువ టైమే లెక్క. లాంగ్‌జంప్‌లో ఇసుకలో టేకాఫ్ గీతకి దగ్గరగా పడ్డ గుర్తు నుంచి కొలవాలి. వెనక్కి చెయ్యి ఆనిస్తే అక్కడినుంచే. పిల్లలు ఏడుపు మొహం పెడతారు, పెట్టనీ.

వరస కూడా ముఖ్యమే. 600 మీటర్లు పరిగెత్తించి, ఆయాసం తీరకముందే స్టాండింగ్ బ్రాడ్‌జంప్, అంటే నిలబడ్డ చోటినుంచే ముందుకు దూకడం, చేయించేవాళ్లని చూశాను. ముందు వంగి అందుకునే సిట్ అండ్ రీచ్, తర్వాత 50 మీటర్లు, జంపులు, పుషప్‌లు, అన్నీ అయ్యాక చివర్లో దూరం పరుగు. పొద్దున ఆరింటికి ఒక బ్యాచ్‌ని, పదకొండింటికి మన ఎండలో ఇంకో బ్యాచ్‌ని పరిగెత్తించి ఒకే పట్టికలో పెట్టకు.

పట్టిక అన్నాను కాబట్టి ఒక మాట. మన టెస్టులు, కొలతల పేపర్లో ఏఏహెచ్‌పీఈఆర్ అనే అమెరికా వ్యాయామ విద్యా సంఘం వాళ్ల యూత్ ఫిట్‌నెస్ టెస్టు ఇప్పటికీ చదువుతారు. అది 1958లో అమెరికాలో వచ్చింది. అంతకుముందు క్రాస్, వెబర్ చేసిన పరీక్షలో అమెరికా పిల్లలు సగానికి పైగా తప్పి, యూరప్ పిల్లలు బాగా చేశారని అక్కడ పెద్ద గోల అయింది. ఆ గోలలోంచి పుట్టిన టెస్టు అది, వాళ్ల పిల్లల కొలతలతో, గజాల్లో. చరిత్రగా చదివించు, మార్కులకి మాత్రం ఆ నార్మ్స్, అంటే ఎంత చేస్తే ఏ స్థాయో చెప్పే వాళ్ల పట్టికలు, వాడకు. నీ కాలేజీలో మూడేళ్ల రికార్డులు తీసి, మగపిల్లలకి వేరుగా, ఆడపిల్లలకి వేరుగా నీ పట్టిక నువ్వే వేసుకో.

సెకన్లనీ మీటర్లనీ కలపాలంటే టీ-స్కోరు చాలు: సగటుకి 50, దానికన్నా ఒక్కో విచలనం మెరుగైతే పది కలపడం, తక్కువైతే పది తీయడం. ఉదాహరణకి నీ బ్యాచ్‌లో వంద మీటర్ల సగటు 13.6, ప్రామాణిక విచలనం (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పేది) 0.8 అనుకో. 12.8లో పరిగెత్తినవాడు సగటు కన్నా ఒక విచలనం మెరుగు, అంటే 50కి పది కలిపి 60. ఒక జాగ్రత్త: పరుగులో తక్కువ అంకె మంచిది, జంపులో ఎక్కువ అంకె మంచిది. ఎక్సెల్‌లో ఒకే ఫార్ములా కిందికి లాగేసి, అందరికన్నా నెమ్మదిగా పరిగెత్తినవాడిని ఫస్టు చేసిన మహానుభావులు ఉన్నారు. పేర్లు అడగకు, అందులో నేనూ ఒకదాన్ని.

నైపుణ్యానికి గోడ టెస్టులు ఉన్నాయి. వాలీబాల్‌కి బ్రేడీ టెస్టు తెలుసుగా, గోడ మీద పదకొండున్నర అడుగుల ఎత్తులో ఐదడుగుల గీత గీసి, నిమిషంలో ఎన్ని వాలీలు ఆ గీత పైన తగిలాయో లెక్కపెట్టడం. ఖర్చు లేదు, గొడవ లేదు, ఎవరు లెక్కపెట్టినా అదే అంకె వస్తుంది. వాడు. కానీ గోడ ఎప్పుడూ బంతిని ఒకేలా తిరిగిస్తుంది, ఎదురు జట్టు ఇవ్వదు. ఇంకోటి, ఆ టెస్టు కాలేజీ మగపిల్లల కోసం చేసింది. ఆడపిల్లల చేత ముందు ఒకసారి చేయించి చూసి, అవసరమైతే గీత దించు. దించితే దించినట్టు రికార్డులో రాయి.

ఇక ఆటలో బుర్ర. నువ్వు కబడ్డీ ఆడినవాడివి కాబట్టి కబడ్డీతోనే చెబుతాను. కోర్టులో ఎదురుగా ఐదుగురే ఉన్నారు. రైడర్ చక్కగా కాలు చాపి బోనస్ గీత దాటించి, పట్టుబడకుండా వచ్చాడు. కాలు అద్భుతం, మనం చప్పట్లు కొడతాం. కానీ ఎదురుగా ఆరుగురో ఏడుగురో ఉంటేనే బోనస్ పాయింటు. వాడి నైపుణ్యం బాగుంది, నిర్ణయం తప్పు. ఒకే మార్కు వేస్తే ఈ రెండూ కలిసిపోయి, వాడికి ఎప్పటికీ తెలియదు తను ఎక్కడ పోగొట్టుకున్నాడో. ఇంకొకడు ఒక్క టచ్ కూడా తేకుండా, ముప్పై సెకన్లూ కూత ఆపకుండా ఆడి, తన జట్టు ఆధిక్యంలో ఉందని ఖాళీ రైడ్‌తో వచ్చేశాడు. స్కోరుబోర్డులో సున్నా. నా షీటులో మంచి నిర్ణయం.

దీన్ని లెక్కపెట్టడానికి ఒక పద్ధతి ఉంది. 1998లో ఆస్లిన్, మిచెల్, గ్రిఫిన్ అనే ముగ్గురు అమెరికా యూనివర్సిటీ టీచర్లు రాశారు. ఆడుతుండగా ఒక్కో ఆటగాడికి సరైన నిర్ణయాలు ఎన్ని, తప్పు ఎన్ని, బాగా చేసినవి ఎన్ని, చెడగొట్టినవి ఎన్ని, బంతి లేనప్పుడు తోటివాడికి సాయంగా ఎక్కడ నిలబడ్డాడు అని గీతలు గీసుకుంటూ పోవడమే. మొత్తం పద్ధతిలో ఏడు అంశాలు ఉన్నాయి. ఒకేసారి ఏడూ పెట్టుకుంటే నీకు కళ్లు తిరుగుతాయి. నిర్ణయం, చేసిన తీరు అని రెండే పెట్టుకో. ఒకసారికి ఇద్దరు పిల్లల్నే చూడు, పది నిమిషాలు. నలభై మందికి మూడు నాలుగు రోజులు పడుతుంది. పట్టనీ.

నీ కన్ను నమ్మదగ్గదో కాదో కూడా చూసుకోవాలి. ఫోన్లో ఒక ఆట వీడియో తీసి, నువ్వూ ఇంకో లెక్చరరూ విడివిడిగా మార్కులు వేయండి, మాట్లాడుకోకుండా. తర్వాత పోల్చుకోండి. మొదటిసారి మీ తేడా చూసి ఇద్దరికీ నవ్వొస్తుంది. దేన్ని "మంచి పాస్" అంటున్నామో రాసుకుంటే రెండోసారికి తగ్గుతుంది.

పిల్లలు ఎంత పెరిగారో దానికి మార్కులు వేద్దామా అన్నావు. వేయి, కానీ కొంచెమే. నేను ఒక ఏడాది సగం మార్కులు పెరుగుదలకి పెట్టాను. సీనియర్లు జూనియర్లకి చెప్పేశారు, మొదటి టెస్టులో కుంటుకుంటూ పరిగెత్తండ్రా అని. ఆ జూలైలో మా కాలేజీ అంత నెమ్మది కాలేజీ రాష్ట్రంలో లేదు. పైగా 16 సెకన్లవాడు 15కి రావడం, 12 సెకన్లవాడు 11.8కి రావడం ఒకటి కాదు, రెండోదే కష్టం. అందుకని మొదటి రోజు కొలతలు తప్పకుండా తీయి, పిల్లలకి చూపించు, వాటి వాటా పదో వంతు దాటనివ్వకు.

హాజరు, యూనిఫాం, వినయం, వీటిని ఆట మార్కుల్లో కలపకు. కావాలంటే వేరే కాలమ్ పెట్టు. టైముకి రానివాడు మెల్లగా పరిగెత్తినట్టు కాదు.

ఆడపిల్లల విషయం నువ్వు అడగలేదు, అడగవని తెలుసు. నెలసరి రోజున పరుగు టెస్టు పడితే ఆ పిల్ల ఏం చేయాలి? మైదానం మధ్యలో నీ దగ్గరికి వచ్చి చెప్పదు. నోటీసులోనే రాసేయి: ఫలానా తేదీ మొదటి టెస్టు, వారం తర్వాత రెండో అవకాశం, ఎవరైనా రావచ్చు, కారణం అడగం. దెబ్బ తగిలినవాళ్లకీ అదే. రికార్డు బుక్కు, వైవా గురించి నేను చెప్పేదేమీ లేదు, అవి ఎటూ జరిగిపోతాయి.

ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్లు వస్తారు. పదకొండింటికి దిగి, భోజనాల టైముకి లేవాలనుకునే పెద్దమనిషి కూడా వస్తాడు. నలభై మందిని రెండు గంటల్లో చూడడం బ్రహ్మతరం కూడా కాదు. మీ దగ్గర ఇంటర్నల్ 30, ఆయన చేతిలో 70 అన్నావు కదా. టీ ఇచ్చేటప్పుడే ఏడాది రికార్డు షీట్లు ఆయన ముందు పెట్టు. కాగితం కనబడితే ఒడ్డూ పొడుగూ చూసి మార్కులు వేసే అలవాటు కాస్త తగ్గుతుంది. "మావాడు, కాస్త చూడండి" అనే ఫోన్లకి కూడా అవే పనికొస్తాయి. "తప్పకుండా చూస్తానండీ, పరిగెత్తింది 15.2, వచ్చి చూసుకోండి" అను. గొంతు పెంచొద్దు. ఎవరూ రారు.

ఒకటి మాత్రం మర్చిపోకు, వీళ్లు రేపు పీఈటీలు అయ్యేవాళ్లు. బాగా పరిగెత్తలేకపోయినా మూడో తరగతి పిల్లల్ని గీత మీద నిలబెట్టి నవ్వుతూ ఆడించగలిగేవాళ్లు ఉంటారు. వాళ్లకి టీచింగ్ ప్రాక్టీస్‌లో మార్కులు రావాలి, అక్కడ ధారాళంగా వేయి. పరుగులో జాలిపడి కలపకు.

ఆ 11 మార్కుల అమ్మాయి తర్వాత జడ్పీ హైస్కూల్లో పీఈటీ అయింది. రెండేళ్ల కిందట ఒక పెళ్లిలో కనబడితే, మీరు మార్కులు ఎలా వేస్తున్నారమ్మా అని అడిగాను. నవ్వి, హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న నోటుబుక్కు తీసి చూపించింది. ఒక్కో పిల్లకి ఒక్కో పేజీ.

దసరాకి ఇంటికి రా. నా దగ్గర 30 మీటర్ల స్టీలు టేపు ఉంది, గుడ్డ టేపులా సాగదు. తుప్పు పట్టకుండా నూనె రాసి ఉంచాను. అది నీకే. వచ్చేటప్పుడు నువ్వు వేసిన షీటు తీసుకురా, ఎర్ర పెన్ను నా దగ్గర ఉంది.

మీ మేడం